గోంగూర ఆకేదీ? తియాంగిస్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ తియాంగిస్ గారికి, అనగా మా వీధి వారపు సంత గారికి,
మెక్సికోలోని గ్వాదలహారా నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

వారానికోసారి మా వీధిని మీరు కబ్జా చేస్తారు. తెల్లారకముందే ఇనప గొట్టాల టంగుటంగు, ఆపైన టార్పాలిన్లు. ముందురోజు రాత్రే కారు పక్క వీధిలో పెట్టుకోనివాడు సాయంత్రం దాకా కదలలేడు. మునిసిపాలిటీ ఏమీ అనదా అంటే, ఏమంటుంది? మీరు దానికన్నా పెద్దవారు. అజ్టెక్‌ల కాలం నాటి త్లాతెలోల్కో ఊళ్ళో మీ వైభవం చూసి నోరెళ్ళబెట్టిన, దండెత్తి వచ్చిన ఎర్నాన్ కోర్తెస్, అక్కడ రోజూ 60,000 మందికి పైగా కొంటూ అమ్ముతూ ఉంటారని 1520లో స్పెయిన్ రాజుకి ఉత్తరం రాశాడు. ఆ మరుసటి ఏడు ఊరినే నేలమట్టం చేశాడు. ఆయనా పోయాడు, ఆ రాజ్యమూ పోయింది. మీరు మాత్రం మా గుమ్మం ముందు ఉల్లికాడలు అమ్ముతున్నారు.

కారు సంగతి సర్దుకుపోతాను. మోండా మార్కెట్లో బేరం నేర్చుకున్నదాన్ని, నా విద్యంతా మట్టిలో కలిపారు చూడండి, అదీ బాధ. ధర అట్టముక్క మీద రాసే ఉంటుంది. అయినా నేను నోరు తెరిచేలోపే మీ పళ్ళావిడ కత్తి మొన మీద మామిడి ముక్క అందిస్తుంది. తిన్న నోటితో బేరం ఎలా ఆడను? తూకం అయ్యాక అడక్కుండానే రెండు నిమ్మకాయలు సంచిలో వేస్తుంది. పిలోన్ అట. మా వైపు కొసరు కోసం పోట్లాడతాం, అదో సరదా. అదీ లేకుండా చేశారు.

పోనీ గుంటూరు పేరు చెప్పుకుని కారంలోనైనా గొప్పలు పోదామంటే మిరపకాయ పుట్టిల్లే మీది. పోర్చుగీసు ఓడలు తెచ్చేదాకా మా ముత్తాతలు మిరియాలతో సరిపెట్టుకున్నారు. టమాటా, జామ, బొప్పాయి, సపోటా, చివరికి సీతమ్మ పేరు పెట్టుకున్న పండు కూడా మీ వైపువే. మామిడి మాత్రం మా ఆసియా నుంచి మీకు అందిన బాకీ. ఇక మీ మిరపకాయలావిడ! కారం ఉంటుందా అంటే ‘నో పికా’, అబ్బే ఉండదు, అంటుంది. ఆ మాట నమ్మేకన్నా పెళ్ళిళ్ళ పేరయ్య మాట నమ్మడం నయం. ఆ పూట పెరుగన్నమే గతి.

ఇప్పుడు అసలు ఫిర్యాదు. ఎండు దినుసుల దుకాణంలో హమాయికా అని ఒక బస్తా పెడతారు. ముదురు ఎరుపు రేకులు, నలిపితే కరకరలాడతాయి. ఒకటి నోట్లో వేసుకున్నానా, నాలుక బాపట్ల వెళ్ళొచ్చింది. అవి మా ఎర్ర గోంగూర కాయ చుట్టూ ఉండే రేకులే! ఆకేదమ్మా అని అడిగితే, ఆకుతో ఏం పని అన్నట్టు చూసిందావిడ. మీరు ఆ రేకుల్ని మరిగించి, పంచదార పోసి, ఐసు వేసి తాగుతారట. గోంగూరకి పంచదారా! పాపం తగలదూ?

మీకు ఆకుకూరలు తెలియవా అంటే అదీ కాదు. మా గంగవాయిలి కూరని పంది మాంసంలో వేసి వండుతారు. తోటకూర చుట్టాన్ని కింతోనిల్ పేరుతో కట్టలు కట్టి అమ్ముతారు. మా పొలం గట్టు మీద కంచెగా పడుండే నాగజెముడుకి ఓపిగ్గా ముళ్ళు గీకి, కొనేవాళ్ళ ముందే తరిగిస్తారు. మొక్కజొన్నకి కాటుక తెగులు వస్తే మా రైతు నెత్తీనోరూ కొట్టుకుంటాడు. మీరు ఆ నల్లటి ఉబ్బుకి వీట్లకోచే అని పేరు పెట్టి, మంచి కంకి కన్నా ప్రియంగా అమ్ముతారు. వహాకా రాష్ట్రం వైపు మిడతల్ని కూడా నిమ్మరసం, ఉప్పు పట్టించి వేయిస్తారు. తెగులునీ మిడతనీ వదలని వారు గోంగూర ఆకుని వదిలేయడం ఏం న్యాయం?

కాబట్టి నా మనవి ఏమిటంటే, హమాయికా పండించే గెరెరో రాష్ట్రం రైతులకి ఒక కబురు పెట్టండి. బస్తాలతోపాటు నాలుగు ఆకు కట్టలు కూడా లారీలో పడేయమనండి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పేరుతో వచ్చిన తెలుగువాళ్ళం ఈ ఊళ్ళో బాగానే ఉన్నాం. కట్ట ఎంత చెప్పినా కిక్కురుమనకుండా కొంటాం.

ఇట్లు,
మీ వీధిలోనే ఉండే ఒక మార్చాంతా (కొనడానికి వచ్చినావిడని మీవాళ్ళు పిలిచే పిలుపు)

తా.క.: ఆకు వచ్చేదాకా ఆగలేక ఆ ఎండు రేకులే నానబెట్టి, ఎండుమిర్చి, వెల్లుల్లి దట్టించి పచ్చడి నూరాను. మిరపకాయలావిడకి ఒక చెంచా రుచి చూపించాను. ‘నో పికా’ అని చెప్పే ఇచ్చాను.