హౌస్‌సర్జన్‌కు ఉన్నది బీకామ్ విద్యార్థికి ఎందుకు లేదు?

మొన్న మాఘమాసంలో ఓ పెళ్లికి వెళ్లాను. బంతిలో నాకు వడ్డించిన కుర్రాడు తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు, మెడలో బో టైతో ఉన్నాడు. రాత్రి పదకొండున్నరకు ఫంక్షన్ హాల్ వెనక్కి వెళ్తే, అదే కుర్రాడు బోర్లించిన డేగిసా మీద కూర్చుని ఫోన్‌లో నోట్స్ ఫొటోలు పెద్దవి చేసుకుని చదువుతున్నాడు. పొద్దున్నే సెమిస్టర్ పరీక్షట. బీకామ్ సెకండియర్. ముహూర్తాలున్న రోజుల్లో రాత్రికి ఐదారు వందలు వస్తాయి, మూఢంలో ఏమీ ఉండదు. హాస్టల్ ఫీజు, ఫోన్ రీచార్జ్, చెల్లెలి ఖర్చులు అన్నీ అందులోంచే.

చదువూ పనీ కలిపి చేయడం మన పిల్లలకు ఎవరో కొత్తగా నేర్పాలా? క్యాటరింగ్‌కు వెళ్లేవాళ్లు, రాత్రిళ్లు ఫుడ్ డెలివరీ చేసేవాళ్లు, సెల్‌ఫోన్ షాపులో సాయంత్రం కౌంటర్ మీద ఉండేవాళ్లు డిగ్రీ కాలేజీల నిండా ఉన్నారు. ఆ పని వాళ్ల చదువును మింగేస్తోంది తప్ప చదువుకు ఒక్క మార్కు కూడా కలపడం లేదు.

అందుకే యూజీసీ 2025లో తెచ్చిన అప్రెంటిస్‌షిప్ డిగ్రీ మార్గదర్శకాలను నేను గట్టిగా సమర్థిస్తున్నాను. మూడేళ్ల డిగ్రీలో ఒకటి నుంచి మూడు సెమిస్టర్లు, నాలుగేళ్ల డిగ్రీలో రెండు నుంచి నాలుగు సెమిస్టర్లు ఏదైనా సంస్థలో పనిచేయాలి. ఆ పనికి క్రెడిట్లు ఉంటాయి, స్టైపెండ్ ఉంటుంది. దీని మీద మాట్లాడేవాళ్లంతా నైపుణ్యాలు, ఉద్యోగావకాశాలు అంటున్నారు. నా దృష్టిలో ఇందులో అసలు సంగతి ఆ డబ్బే. 2019 అప్రెంటిస్‌షిప్ నిబంధనల ప్రకారం డిగ్రీ అప్రెంటిస్‌కు నెలకు కనీసం రూ.9,000 ఇవ్వాలి. దాన్ని 36 శాతం పెంచాలని కేంద్రానికి సలహాలిచ్చే సెంట్రల్ అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ 2025 మేలో సిఫార్సు చేసింది. ముహూర్తాలతో పనిలేకుండా, చదివే సబ్జెక్టుకు దగ్గరి పని చేస్తూ, నెలకు తొమ్మిది వేలు చేతికొస్తే పేదింటి కుర్రాడు డిగ్రీ మధ్యలో వదిలేయడు.

ఒక్కసారి పెద్ద కోర్సుల వైపు చూడండి. ఎంబీబీఎస్ విద్యార్థి హౌస్‌సర్జన్‌గా ఏడాదిపాటు వార్డుల్లో రాత్రి డ్యూటీలు చేస్తాడు, స్టైపెండ్ తీసుకుంటాడు. 2024 జూన్‌లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగినప్పుడు వాళ్ల డిమాండ్లలో ముందున్నది స్టైపెండ్ నెలనెలా ఠంచనుగా రావాలన్నదే. అది న్యాయమైన డిమాండ్. సీఏ చదివేవాళ్లు ఆడిటర్ దగ్గర ఆర్టికల్‌షిప్ చేస్తారు. వాళ్లకు కనీస స్టైపెండ్ ఎంతో సీఏ కోర్సు నడిపే సంస్థ ఐసీఏఐ నిబంధనల్లోనే ఉంటుంది. పని చేయించడం వల్ల డాక్టరు చదువు దిగజారిందని ఎవరైనా అన్నారా? ఆర్టికల్‌షిప్ వల్ల సీఏ విలువ తగ్గిందా? పైగా ఆ పని చేయనివాడికి పట్టా కూడా ఇవ్వం. సమాజం గౌరవించే చదువులన్నిట్లో పని ఉంది, పనికి డబ్బు ఉంది. బీఏకి, బీకామ్‌కి, బీఎస్సీకి వచ్చేసరికి మాత్రం మూడేళ్లు గదిలో కూర్చోబెట్టి, తర్వాత అమీర్‌పేట వెళ్లి ఏదో ఒక కోర్సు నేర్చుకో అంటున్నాం. అమీర్‌పేట ఫీజుకు, ఆ హాస్టల్ మంచానికి ఊళ్లో అప్పు చేసేది ఎవరు? కూలికెళ్లే తల్లిదండ్రులు.

డబ్బు లేకుండా పని మాత్రమే పెడితే ఏమవుతుందో మనం చూశాం. ఆంధ్రప్రదేశ్ 2020-21 నుంచి డిగ్రీలో 10 నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేసింది. ఆలోచన గొప్పది. స్టైపెండ్ సంగతి మాత్రం విద్యార్థి అదృష్టానికి వదిలేసింది. ఓ చిన్న పట్టణంలో పాఠాలు చెప్పే మిత్రుడు తన దగ్గరికొచ్చిన ఇంటర్న్‌షిప్ రికార్డుల కట్ట నా ముందు పెట్టాడు. పేజీలకు పేజీలు ఒకటే. ‘కస్టమర్’ స్పెల్లింగ్ కూడా అన్నిట్లో ఒకేలా తప్పు. పిల్లల్ని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. జీతం ఇవ్వని షాపు వాడు పని నేర్పడు, సంతకం పెట్టి పంపేస్తాడు. జీతం రాని చోటికి పోను బస్ చార్జీ పెట్టుకుని కుర్రాడు వెళ్లడు. నెల తిరిగేసరికి తొమ్మిది వేలు లెక్కపెట్టి ఇవ్వాల్సిన యజమాని మాత్రం, ఈ కుర్రాడికి ఏమొచ్చు, ఏం నేర్పితే నాకు పనికొస్తాడు అని తప్పకుండా ఆలోచిస్తాడు.

ఇది కంపెనీలకు చవక కూలీలను సరఫరా చేయడమేనని విద్యార్థి సంఘాలు అంటున్నాయి. ఆ భయం ఉత్తదేం కాదు. అప్రెంటిస్ అంటే శిక్షణలో ఉన్నవాడే తప్ప కార్మికుడు కాదని 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టమే చెబుతోంది. కానీ ఇవాళ ఫంక్షన్ హాల్ వెనక ఉన్న కుర్రాడికి ఒప్పంద పత్రం ఉందా? కాలేజీ అడుగుతుందా? కనీసం కాగితం మీద అతని పేరు, పని గంటలు, ఇవ్వాల్సిన డబ్బు రాసి ఉంటేనే కదా రేపు సంఘాలు కూడా పోరాడగలిగేది.

మన ఊళ్లలో కంపెనీలెక్కడివి అనే ప్రశ్నకు చట్టంలోనే సగం జవాబుంది. 30 మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రతి సంస్థా ఆ సంఖ్యలో రెండున్నర నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ముందు ఆర్టీసీ డిపోలు, విద్యుత్ పంపిణీ సంస్థలు, సహకార బ్యాంకులు ఆ లెక్క బయటపెట్టాలి. భీమవరంలో బీఎస్సీ ఆక్వాకల్చర్ చదివే అమ్మాయి రొయ్యల ల్యాబ్‌లో నీళ్లు పరీక్షిస్తూ, రొయ్య పిల్లకు వైట్ స్పాట్ తెగులు ఉందో లేదో చూస్తూ సెమిస్టర్ గడపొచ్చు. మందుల, రసాయనాల ఫ్యాక్టరీలున్న పరవాడలో, పాశమైలారంలో కెమిస్ట్రీ వాళ్లకు పని లేదంటే నేను నమ్మను. జర్మనీలోని బాడెన్ వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో ఇలాంటి విశ్వవిద్యాలయం ఉంది. మూడు నెలలు క్లాసు, మూడు నెలలు కంపెనీ. క్లాసులో కూర్చున్న నెలల్లోనూ జీతం ఆగదు. మనం అడగాల్సింది అది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల కోసం 2025లో తెలంగాణలో కాలేజీలే బంద్ పెట్టాయి. స్టైపెండ్ కూడా ఆ ట్రెజరీ క్యూలో నిలబడితే మొదటి ఏడాదే పథకం చచ్చిపోతుంది.

అసలు అడ్డంకి డబ్బు ఒక్కటే అయితే ఇంత ఆలస్యం కాకపోను. చేతిపని ద్వారానే చదువు చెప్పాలని గాంధీజీ 1937లో వార్ధాలో చెప్పారు. మనం దండేసి పక్కన పెట్టాం. చదువుకుంటే పని తప్పుతుందని తల్లిదండ్రులు ఆశపడటంలో తప్పులేదు, ఎండలో వంగి నాట్లేసిన నడుములు అవి. కానీ మెతుకు అంటిన చేతిని, గ్రీజు అంటిన చేతిని తక్కువగా చూడటం పైనున్నవాళ్లు నేర్పిన జబ్బు. కులం నేర్పిన జబ్బు. అది సముద్రాలు దాటినా వదలడం లేదు. అమెరికా వెళ్లిన మన పిల్లలు క్యాంపస్ క్యాంటీన్‌లో వారానికి 20 గంటలు గిన్నెలు కడిగి, బల్లలు తుడిచి ఖర్చులకు సంపాదించుకుంటారు. అక్కడి చట్టం ఒప్పుకున్న పనే అది. నాకు తెలిసిన ఓ కుర్రాడు రెండేళ్లు అలా చేశాడు. అమ్మకు వీడియో కాల్ చేసే ముందు రోజూ ఏప్రాన్ విప్పి, ఫోన్‌లో గోడ మాత్రమే కనపడే మూలకు వెళ్లి నిలబడేవాడు.