పురుగుమందు డబ్బాకు వచ్చిన తెలుగు షుగర్ స్ట్రిప్పుకు ఎందుకు రాదు?

షుగర్ మిషన్, బీపీ మిషన్ ఇప్పుడు పట్టణాలు దాటి పల్లెల్లోని ఇళ్లకూ చేరాయి. దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహులున్నారని ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం 2023లో అంచనా వేసింది కాబట్టి ఈ యంత్రాల అవసరం ఎంతటిదో వేరే చెప్పనక్కర్లేదు. వీటిని ఎలా ఎంచుకోవాలని అడిగితే డాక్టర్ల దగ్గరా, పత్రికల ఆరోగ్య పేజీల్లోనూ, యూట్యూబ్ వీడియోల్లోనూ దొరికే సలహా ఒక్కటే: మంచి కంపెనీది చూసి కొనండి, సూచనలు చదివి వాడండి. తెలుగు తప్ప మరో భాష చదవలేని మనిషికి ఈ సలహాలో రెండో సగం పనికిరాదు. ఇంటి పరీక్షల విశ్వసనీయత మీద మన చర్చ అంతా బ్రాండ్ల చుట్టూ తిరుగుతోంది. అది తిరగవలసింది డబ్బాలో పెట్టిన ఆ సూచనల కాగితం చుట్టూ అని నా వాదన.

ఆ కాగితాన్ని ఒకసారి విప్పి చూడండి. ఎన్నో మడతలు పెట్టిన పల్చటి కాగితం, భూతద్దం పెడితే తప్ప ఆనని అక్షరాలు, చాలా డబ్బాల్లో ఇంగ్లిష్, కొన్నిటిలో దానికి తోడు హిందీ. ఎక్కడైనా తెలుగు కనిపించినా అది కంపెనీ తనంతట తాను వేసినదే తప్ప చట్టం వేయించినది కాదు. మిషన్ ఎంతవరకు నిజం చెబుతుందో, ఎవరి విషయంలో తప్పు చెబుతుందో రాసి ఉండేది సరిగ్గా అందులోనే. గ్లూకోమీటర్లకు అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 15197. దాని 2013 నాటి రూపం ప్రకారం రక్తంలో గ్లూకోజు 100 మిల్లీగ్రాములు, ఆపైన ఉన్నప్పుడు మిషన్ అంకె అసలు విలువకు 15 శాతం అటూ ఇటూ ఉండవచ్చు. 100 లోపు ఉన్నప్పుడు 15 మిల్లీగ్రాముల తేడా ఉండవచ్చు. అది కూడా నూటికి 95 పరీక్షల్లో అలా ఉంటే చాలు. అంటే పరగడుపున ల్యాబులో మధుమేహానికి హద్దుగా చూసే 126 సరిగ్గా రావలసిన మనిషికి, ప్రమాణానికి లోబడిన మంచి మిషన్ 108 చూపినా 144 చూపినా తప్పు పట్టలేం. మొదటిది చూసి ఆయన నిశ్చింతగా ఇంటికి వెళతాడు, రెండోది చూసి మందుల షాపుకు వెళతాడు. మధుమేహం ఉందో లేదో ఈ మిషన్‌తో తేల్చకూడదని, ఉన్నవాళ్లు అదుపును గమనించుకోవడానికే ఇది పనికొస్తుందని వైద్యులు చెప్పేది ఇందుకే.

దీనికంటే తీవ్రమైన సంగతి ఆ కాగితం మీద మరో వరుసలో ఉంటుంది. హెమటోక్రిట్ అనే మాట పక్కన 30 నుంచి 55 అనో, 20 నుంచి 60 అనో ఒక పరిధి ఇస్తారు. రక్తంలో ఎర్ర కణాల వాటా అది. ఆ వాటా స్ట్రిప్పు తట్టుకోగల పరిధి కంటే తగ్గినప్పుడు స్ట్రిప్పు పీల్చుకున్న బొట్టులో ప్లాస్మా అనే ద్రవం వాటా ఎక్కువవుతుంది, గ్లూకోజు స్ట్రిప్పు మీది రసాయనాన్ని సులువుగా చేరుతుంది, అంకె ఉన్నదానికంటే ఎక్కువగా వస్తుంది. తేలిక మాటల్లో చెప్పాలంటే, రక్తహీనత ఉన్న మనిషికి చాలా స్ట్రిప్పులు లేని షుగర్‌ను చూపిస్తాయి. హెమటోక్రిట్ 30 అంటే హిమోగ్లోబిన్ దాదాపు 10 గ్రాములు. ఇది ఎక్కడో అరుదుగా కనిపించే స్థితి అయితే ఇంత రాయనక్కర్లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత లెక్కల్లో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. వీరందరి హెమటోక్రిట్ 30 లోపే ఉండదు. అయినా సగం మందికి పైగా స్త్రీలు రక్తం తక్కువగా ఉన్న నేల మీద, రక్తం తక్కువైతే తప్పు చెప్పే పరికరాన్ని ఆ ముక్క వారి భాషలో చెప్పకుండా అమ్ముతున్నాం.

దీని ఫలితం కాగితం మీద ఆగదు. ఇన్సులిన్ వేసుకునే ఒక తల్లి రాత్రి భోజనానికి ముందు చూసుకుంటే 210 వస్తుంది. అసలు విలువ 160 కావచ్చు. అంకెను బట్టి రెండు యూనిట్లు పెంచుకోమని ఎప్పుడో డాక్టరు చెప్పిన మాట ప్రకారం పెంచుకుంటుంది. అర్ధరాత్రి చెమటలు పోసి, చేతులు వణికి, మాట తడబడితే ఇంట్లోవాళ్లు లో షుగర్ అనుకోరు, ఎందుకంటే పడుకునే ముందు మిషన్ ఎక్కువే చూపించింది. పైగా మిషన్ మీద అనుమానం వచ్చి మూడు నెలల సరాసరి పరీక్ష చేయించినా, ఇనుము లోపం వల్ల వచ్చిన రక్తహీనతలో ఆ హెచ్‌బీఏ1సీ సైతం ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది. రెండు పరీక్షలూ ఒకే వైపు పొరపడితే ఆమె పక్షాన మాట్లాడటానికి మిగిలేది ల్యాబులో సిర నుంచి తీసిన రక్తమూ, హిమోగ్లోబిన్ ఎంతో ముందే అడిగే డాక్టరూ మాత్రమే.

కాబట్టి మిషన్ కొనేటప్పుడు ధర కంటే ముందు స్ట్రిప్పు హెమటోక్రిట్ పరిధి ఎంతో అడగండి. ఇంట్లో రక్తం తక్కువగా ఉన్నవారుంటే పరిధి విశాలంగా ఉన్న స్ట్రిప్పునే తీసుకోండి, అలాంటివి బజారులో ఉన్నాయి. స్ట్రిప్పులను సాధారణంగా 30 డిగ్రీల లోపు ఉంచమంటారు, మన ఊళ్లలో మే నెలలో రేకుల ఇంటి లోపల ఆ వేడి ఉదయం తొమ్మిదికే దాటిపోతుంది. సీసా మూత తెరిచిన రోజు నుంచి ఎన్ని నెలల్లో వాడెయ్యాలో కూడా రాసి ఉంటుంది. చాలా స్ట్రిప్పుల విషయంలో అది డబ్బా మీది గడువు తేదీ కంటే ముందే ముగుస్తుంది. మామిడిపండు కోసిన చేత్తో, బత్తాయి ఒలిచిన చేత్తో పరీక్ష చేసుకుంటే స్పిరిట్ దూదితో ఒకసారి తుడిచినా తీపి వేలిని వదలదు. నీళ్లతో కడిగి, ఆరబెట్టుకోవాలి. మిషన్ సరిగ్గా పనిచేస్తోందో లేదో తేల్చే కంట్రోల్ సొల్యూషన్ అనే ద్రావణం ఒకటి ఉంది. దాని మాట ఆ కాగితం మీద తప్పకుండా ఉంటుంది, చాలా మందుల షాపుల్లో మాత్రం ఉండదు. చదవలేరు కాబట్టి ఎవరూ అడగరు, అడగరు కాబట్టి షాపువాళ్లు తెప్పించరు.

ఇప్పుడు ఒక పురుగుమందు డబ్బాను చేతిలోకి తీసుకోండి. గుంటూరులో మిర్చి రైతుకైనా, వరంగల్‌లో పత్తి రైతుకైనా అమ్మే ప్రతి డబ్బా మీద మూల మీద నిలబెట్టిన చతురస్రం ఒకటి ఉంటుంది. దాని కింది సగంలోని ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఏది ఉందో చూసి విషం తీవ్రతను అక్షరం రాని మనిషి కూడా గుర్తుపట్టగలడు. 1971 నాటి కీటకనాశక నియమావళి ప్రకారం లేబులూ, డబ్బాతో వచ్చే కరపత్రమూ ఇంగ్లిష్, హిందీతోపాటు ఆ సరుకు అమ్ముడయ్యే ప్రాంతంలోని ఒకటి రెండు భాషల్లోనూ ఉండి తీరాలి. పొలంలో చల్లే మందు గురించి రైతుకు తన భాషలో తెలియాలని ఈ దేశం యాభై ఏళ్ల కిందటే ఒప్పుకుంది. అదే రైతు భార్య వేలు గుచ్చుకుని చూసుకునే స్ట్రిప్పుకు వర్తించే 2017 నాటి వైద్య పరికరాల నియమావళిలో అలాంటి షరతు లేదు. తయారీ లేదా దిగుమతి లైసెన్సు నెంబరు, బ్యాచ్ నెంబరు, గడువు తేదీ ఉండాలంటుంది. అవి అవసరమే, కొనేటప్పుడు చూసుకోవలసినవే. కానీ లైసెన్సు నెంబరు ఆమెకు రక్తహీనత సంగతి చెప్పదు.

బీపీ మిషన్ల కథ ఇంత లోతైనది కాదు, అక్కడ గుర్తుంచుకోవలసింది పట్టీ కొలత. మణికట్టు మిషన్ల కంటే భుజానికి చుట్టే పట్టీ ఉన్నవాటిని ఎంచుకోవాలి, పట్టీ చేతి చుట్టుకొలతకు సరిపోవాలి. బాగా పెద్ద పట్టీ కావలసినవారికి మామూలు పట్టీ కడితే పై అంకె సగటున 19.5 ఎక్కువగా వచ్చిందని 2023లో ఒక అమెరికన్ వైద్య పత్రిక ప్రచురించిన ప్రయోగంలో తేలింది. లేని బీపీకి జీవితాంతం మాత్రలు వేయించడానికి అంత తేడా చాలు. ఇక సూది గుచ్చకుండా షుగర్ చెబుతామనే గడియారాలు, ఉంగరాల గురించి చర్చే అనవసరం: సూది లేకుండా సొంతంగా గ్లూకోజును కొలిచే గడియారానికి గానీ ఉంగరానికి గానీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో స్పష్టంగా హెచ్చరించింది. వాటిని కొనవద్దు.

ఆరోగ్య ఉత్పత్తుల పేరిట అమ్ముడయ్యే మాత్రలు, పొడులు, గమ్మీలను వేరే సమస్యగా చూస్తాం గానీ అవి ఇదే కథలో భాగం, ఎందుకంటే ఇవి పరీక్షనే తారుమారు చేయగలవు. జుట్టుకూ గోళ్లకూ మంచిదని వేసుకునే బయోటిన్‌నే తీసుకోండి. పెద్దవారికి రోజుకు 30 మైక్రోగ్రాములు సరిపోతుందంటారు, మాత్రల మీద 5, 10 మిల్లీగ్రాములని ఉంటుంది, అంటే వందల రెట్లు. ఇంత మోతాదు రక్తంలో ఉన్నప్పుడు కొన్ని రకాల థైరాయిడ్ పరీక్షల్లో టీఎస్‌హెచ్ తక్కువగా, టీ4 ఎక్కువగా కనిపించి లేని థైరాయిడ్ జబ్బు ఉన్నట్టు తేలుతుంది. గుండెపోటును గుర్తించే ట్రోపోనిన్ పరీక్ష కూడా తప్పుగా తక్కువ చూపవచ్చని, అలా ఒక రోగి చనిపోయినట్టు సమాచారం అందిందని ఎఫ్‌డీఏ 2017లో ప్రకటించింది. ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లే కుర్రాడు ఏమైనా తిన్నారా అని అడుగుతాడు, జుట్టు మాత్రలు వాడుతున్నారా అని అడగడు. ఎక్కువ మోతాదు విటమిన్ సీ కొన్ని గ్లూకోజు స్ట్రిప్పులను ఇలాగే తప్పుదారి పట్టిస్తుంది. ప్రొటీన్ పొడుల విషయంలో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాల్లో కండల కోసం వాటిని వాడవద్దని చెప్పేసింది. ఈ డబ్బాల మీద ఔషధంగా వాడరాదన్న హెచ్చరిక చట్టం ప్రకారం ఉండాలి, ఉంటుంది కూడా. కానీ తెలుగులో వచ్చే ప్రకటనలో షుగర్ తగ్గుతుందన్న ధ్వని, ఇంగ్లిష్‌లో వచ్చే హెచ్చరికలో ఔషధం కాదన్న మాట. ఆశ పెట్టేటప్పుడు వచ్చిన మన భాష హెచ్చరించేటప్పుడు ఆ కంపెనీలకు గుర్తుకు రావడం లేదు. మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటించుకోవడం 1954 నాటి మంత్రౌషధాల చట్టం కింద నేరం. తెలంగాణ ఔషధ నియంత్రణ యంత్రాంగం ఈ చట్టం కింద ఇటీవలి సంవత్సరాల్లో పదే పదే దాడులు చేసి అలాంటి సరుకును పట్టుకోవడం మెచ్చుకోదగిన పని.

కంపెనీల పక్షాన చెప్పేవారి వాదన తెలియనిది కాదు. దేశమంతటికీ ఒకే డబ్బా తయారుచేసేవారు ఇన్ని భాషల్లో ముద్రిస్తే ధర పెరుగుతుందని, ఇప్పటికే 2022 అక్టోబరు నుంచి దశలవారీగా దాదాపు పరికరాలన్నిటికీ లైసెన్సు తప్పనిసరైందని, అతిగా భయపెడితే జనం ఇంట్లో పరీక్షలే మానేసి మరింత నష్టపోతారని అంటారు. చివరి మాట నిజం, ఇంటి పరీక్షలు మానమని నేను చెప్పడం లేదు. గర్భ నిర్ధారణ కోసం ఆశా కార్యకర్తలు ఇచ్చే నిశ్చయ్ కిట్ లాంటివి ఎంత మేలు చేశాయో పల్లెల్లో అందరికీ తెలుసు. ధర సంగతికి వస్తే, పురుగుమందుల కంపెనీలు ప్రాంతాల వారీగా లేబుళ్లు ముద్రిస్తూనే అర్ధ శతాబ్దంగా వ్యాపారం చేస్తున్నాయి.

అసలు మూలం ఇంకా లోతుగా ఉంది. డబ్బాల్లో కట్టి అమ్మే సరుకులపై 2011లో వచ్చిన తూనికలు, కొలతల నియమాలు తప్పనిసరి వివరాలు హిందీలో గానీ ఇంగ్లిష్‌లో గానీ ఉంటే చాలంటాయి. మిగతా భాషలు అదనంగా వేసుకోవచ్చు, అంతే. మందు చీటీ ఇంగ్లిష్‌లో, ల్యాబు రిపోర్టు ఇంగ్లిష్‌లో, ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు ఇచ్చే కాగితం ఇంగ్లిష్‌లో. భాష పేరిట రాష్ట్రం తెచ్చుకున్నామని గర్వించే మనం ఆ భాషను సభలకు, సన్మానాలకు, పాఠశాల మాధ్యమం మీద ఎన్నికల వాదనలకు వాడుకుంటున్నాం, ఒంటి క్షేమానికి సంబంధించిన చోట మాత్రం అడగడం మానేశాం. తెలుగు బతకాలంటే కవిత్వం కంటే ముందు మాత్రల అట్ట మీదకు రావాలని నేను గట్టిగా నమ్ముతాను. ప్రాణావసరానికి పనికిరాని భాషను ఏ తల్లీ బిడ్డకు శ్రద్ధగా నేర్పదు. చదవడం వచ్చిన కొడుకు కోసం, అమెరికాలో ఉన్న కూతురి వీడియో కాల్ కోసం ఎదురుచూసి తన స్ట్రిప్పు కాగితంలో ఏముందో తెలుసుకోవలసిన దుస్థితి ఏ పెద్దమ్మకూ ఉండకూడదు.

దీనికి పార్లమెంటులో కొత్త చట్టం అక్కర్లేదు. ఔషధాలు ఉమ్మడి జాబితాలోని అంశం. ఔషధ, సౌందర్య సాధనాల చట్టం కింద ఏర్పడిన సంప్రదింపుల సంఘంలో ప్రతి రాష్ట్ర ప్రభుత్వానికీ ఒక ప్రతినిధి ఉంటాడు, అంటే అమరావతికీ హైదరాబాద్‌కూ అక్కడ చెరొక కుర్చీ ఉంది. కీటకనాశక నియమావళిలోని భాషా నిబంధనను ఉన్నదున్నట్టు వైద్య పరికరాల నియమావళిలో చేర్చాలని, దానితోపాటు ఇంటి పరీక్షల డబ్బా పైభాగంలో కచ్చితత్వం ఎంతో, రక్తహీనత ఉన్నవారికి వర్తిస్తుందో లేదో పెద్ద అక్షరాల్లో ముద్రించాలని ఆ ఇద్దరు ప్రతినిధులూ వచ్చే సమావేశంలోనే లిఖితపూర్వకంగా కోరాలి. అది జరిగేలోగా రెండు ప్రభుత్వాల ఆరోగ్య శాఖలూ ఒక పేజీ తెలుగు కాగితం అచ్చువేసి మందుల షాపులకు, ఆశా కార్యకర్తలకు ఇవ్వవచ్చు. మిషన్ అమ్మే ప్రతి షాపు కౌంటరు మీదా కంట్రోల్ సొల్యూషన్ సీసా ఒకటి పెట్టి, కొన్న మిషన్‌ను అక్కడికక్కడే పరీక్షించి ఇవ్వాలని ఔషధ తనిఖీ అధికారులు ఈ వేసవిలోనే అడగడం మొదలుపెట్టవచ్చు.