హర్స్లీ రిజిస్టరులో ముగ్గురు పిల్లలు

మా పూర్వీకుడు మేఫ్లవర్ ఓడలో వచ్చాడని చెప్పుకోవడం అమెరికాలో ఒక హోదా. 1620లో ఇంగ్లండు నుంచి అమెరికాలో స్థిరపడటానికి ఆ ఓడెక్కినవాళ్లు 102 మంది. వాళ్లలో మొదటి చలికాలం దాటి బతికి బట్టకట్టింది దాదాపు సగం మందే. వాళ్ల సంతతి కోసం 1897 నుంచీ ఒక సంఘం నడుస్తోంది. అందులో చేరాలంటే తరం తరానికీ పుట్టుక, పెళ్లి, చావు కాగితాలు చూపించాలి. ఇంత పట్టింపు ఉన్నచోటే స్టీఫెన్ హాప్కిన్స్ అనే ప్రయాణికుడి సొంత ఊరు 1998 దాకా తప్పుగా చలామణీ అయింది. గ్లోస్టర్‌షైర్ జిల్లాలోని వొర్ట్లీ అన్నారు. మొదటి భార్య కాన్‌స్టెన్స్ డడ్లీ అని కూడా రాసుకున్నారు. ఈ రెండింటికీ ఆధారాల్లేవు. కాకపోతే డడ్లీ అన్నది ఇంగ్లండులో ప్రభువుల ఇంటిపేరు. వంశవృక్షానికి అలాంటి కొమ్మ దొరికితే నరుక్కోవడానికి ఎవరికి మనసొప్పుతుంది?

ఈ మోజు మీద బతికినవాళ్లూ ఉన్నారు. గుస్తావ్ అంజూ అనే వంశావళి రచయిత న్యూయార్క్‌లో కూర్చుని, డబ్బున్న కుటుంబాలకు దొంగ వంశవృక్షాలు తయారుచేసి పెద్ద మొత్తాలకు అమ్మాడు. అతను కల్పించిన తాతముత్తాతలు నేటికీ ఇంటర్నెట్‌లో ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పాకుతూనే ఉన్నారు.

హాప్కిన్స్ ఊరు ఎలా బయటపడిందో చూస్తే, ఈ పనిలో అసలు మెలకువ ఏమిటో తెలుస్తుంది. స్టీఫెన్, హాప్కిన్స్ రెండూ ఆనాడు ఊరూరా వినబడే పేర్లే. ఒక్క పేరు పట్టుకుని వెతికితే పదిమంది దొరుకుతారు, పదిమందిలో ఎవరో తేలదు. కానీ మేఫ్లవర్‌లో అతనితోపాటు మొదటి భార్య పిల్లలు కాన్‌స్టెన్స్, జైల్స్ కూడా ఉన్నారు. తండ్రి స్టీఫెన్, కూతురు కాన్‌స్టెన్స్, కొడుకు జైల్స్. ఈ మూడు పేర్లూ ఒకే చర్చి పుస్తకంలో, సరైన ఏళ్లలో కనిపిస్తే అది యాదృచ్ఛికమనడం కష్టం. పరిశోధకుడు కేలెబ్ జాన్సన్‌కు అవి హ్యాంప్‌షైర్ జిల్లా హర్స్లీ గ్రామంలో దొరికాయి. 1604లో ఎలిజబెత్‌కు, 1606 మేలో కాన్‌స్టెన్స్‌కు, 1608 జనవరి 30న జైల్స్‌కు బాప్తిస్మం ఇచ్చినట్టు అక్కడ రాసి ఉంది. తల్లి పేరు మేరీ. 1613 మేలో ఆమెను పూడ్చిపెట్టిన సంగతీ అందులోనే ఉంది. డడ్లీ ప్రభువుల ఆడపడుచు కథ దాంతో ముగిసింది.

రిజిస్టరులో జైల్స్ బాప్తిస్మం ఏడాది 1607 అనే ఉంటుంది. 1752కు ముందు ఇంగ్లండులో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి జనవరి, ఫిబ్రవరి తేదీలన్నీ పాత ఏడాది ఖాతాలోకే పోయేవి. ఇది గుర్తుపెట్టుకోకపోతే బిడ్డ వయసులో ఏడాది తేడా వస్తుంది, ఆపైన లెక్కలన్నీ తప్పుతాయి. అసలు ఈ పుస్తకాలు ఉండటమే రాజశాసనం పుణ్యం. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చీ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రాసిపెట్టాలని ఆదేశించాడు.

హాప్కిన్స్ పుట్టిన ఊరి సంగతి ఇంత గట్టిది కాదు. 1581 ఏప్రిల్ 30న అదే జిల్లాలోని అప్పర్ క్లాట్‌ఫర్డ్‌లో జాన్ హాప్కిన్స్ కొడుకు స్టీఫెన్‌కు బాప్తిస్మం జరిగింది. ఇతనే అతనని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నారు. నాకూ నమ్మబుద్ధేస్తుంది. అయినా ఇది పొంతన చూసి తేల్చిన మాట, హర్స్లీ లాంటి రుజువు కాదు. డీఎన్ఏ పరీక్ష దీన్ని తేల్చేస్తుందనుకోవద్దు. తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్ ఇద్దరు మగవాళ్లది ఒకే వంశమని చెప్పగలదు గానీ, ఆ వంశం ఏ ఊరి చర్చిలో పేరు రాయించుకుందో చెప్పలేదు.

హర్స్లీ పుస్తకం ఇంకో ముడి కూడా విప్పింది. 1609లో వర్జీనియాకు బయల్దేరిన సీ వెంచర్ ఓడ తుపానుకు బెర్ముడా దగ్గర పగిలింది. దాదాపు 150 మందీ ప్రాణాలతో ఒడ్డుకు చేరారు. అందులో స్టీఫెన్ హాప్కిన్స్ అనే ఒకడు ‘ఓడ పగిలాక గవర్నరు అధికారం కూడా పోయినట్టే, ఆయన మాట మనమెందుకు వినాలి’ అని వాదించాడు. 1610 జనవరిలో అతనికి మరణశిక్ష పడింది. నన్ను చంపితే నా భార్యాబిడ్డలు ఏమైపోతారని అతను ఏడ్చి బతిమాలాడని, పెద్దలు జాలిపడి విడిపించారని అక్కడే ఉన్న విలియం స్ట్రాచీ రాశాడు. ఆ నాటికి హర్స్లీలో మేరీ, ముగ్గురు పిల్లలు ఉన్నారు. ఇతనూ మేఫ్లవర్ హాప్కిన్సూ ఒకడేనన్న లెక్క సరిగ్గా కుదిరింది. పదేళ్ల తర్వాత మేఫ్లవర్‌లోనూ అదే వాదన లేచింది. అనుమతి ఉన్న చోటుకి కాక వేరే తీరానికి చేరాం, ఇక మనమీద ఎవరికీ అధికారం లేదని కొందరన్నారు. ఆ గొడవ అణచడానికే, అందరం కలిసి చేసుకున్న చట్టాలకు లోబడతామన్న ఒప్పందం మీద 41 మంది సంతకాలు చేశారు, హాప్కిన్స్ కూడా చేశాడు. ఆ గొంతుల్లో అతనిదీ ఉందేమోనన్న అనుమానం నన్ను వదలదు.

ఇదేదో మనకు పట్టని దూరదేశపు ముచ్చట అనుకోనక్కర్లేదు. సీ వెంచర్‌ను పంపిన వర్జీనియా కంపెనీకి కోశాధికారి సర్ థామస్ స్మైత్. ఈస్టిండియా కంపెనీకి మొదటి గవర్నరూ ఆయనే. హాప్కిన్స్ బెర్ముడా నుంచి వర్జీనియాలోని జేమ్స్‌టౌన్ చేరిన మరుసటి ఏడాది, 1611లో, ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ మచిలీపట్నం రేవుకొచ్చింది. అటూ ఇటూ పెట్టుబడి లండన్ వర్తకులదే.

మేఫ్లవర్‌వాళ్లు దిగి స్థిరపడిన ప్లిమత్‌లో హాప్కిన్స్ పెద్దమనిషి అయ్యాడు. 1621లో అక్కడి ఆదివాసీలైన వాంపనోగ్‌ల నాయకుడు మసాసోయిట్ దగ్గరికి రాయబారం వెళ్లాడు, ఏళ్ల తరబడి గవర్నరుకు సహాయకుడిగా ఉన్నాడు. వారసులు గొప్పగా చెప్పుకునేది ఈ భాగమే. కానీ అతని నిజమైన ముఖం కోర్టు పుస్తకాల్లో ఉంది. ఒకణ్ని కొట్టాడని జరిమానా, ఆదివారం తన ఇంట్లో జనాన్ని తాగనిచ్చాడని కేసు, బీరు ఎక్కువ ధరకు అమ్మాడని ఇంకో జరిమానా. బోస్టన్ వైపు తొమ్మిది పెన్నీలకు దొరికే అద్దాన్ని పదహారుకు అమ్మాడని కూడా పట్టుకున్నారు. బుద్ధిగా ఉన్నవాడి గురించి గుమాస్తాకు రాయడానికేం ఉంటుంది?

అన్నిటికన్నా నన్ను ఆపేసింది డొరోతీ టెంపుల్ కేసు. ఆమె అతనింట్లో ఒప్పందం మీద పనిచేసే అమ్మాయి. ఆమె గర్భానికి కారణమైన ఆర్థర్ పీచ్‌ను ఒక ఆదివాసీని చంపిన నేరానికి 1638లో ఉరితీశారు. ఒప్పందం గడువు ఇంకా ఉంది కాబట్టి తల్లీబిడ్డలను హాప్కిన్స్ పోషించాలంది కోర్టు. అతను ససేమిరా అన్నాడు, జైలుకు పంపారు. చివరికి జాన్ హోమ్స్‌కు మూడు పౌండ్లిచ్చి ఇద్దరినీ వదిలించుకున్నాడు.

అదే ఇంట్లో సేవకుడిగా మేఫ్లవర్‌లో వచ్చిన ఎడ్వర్డ్ డోటీ 1621లో తోటి సేవకుడితో కత్తియుద్ధానికి దిగి శిక్ష అనుభవించాడు. అతని వారసులకు నేడు ఆ సంఘంలో సభ్యత్వం ఉంది. డొరోతీ బిడ్డ వంశం సంఘం లెక్కలోకి రాదు. తల్లి ఎక్కింది వేరే ఓడ.