అరచేతిలో వైకుంఠం, నిడివి రెండు నిమిషాలు

అద్దెకి ఇల్లు చూపించండి అని బ్రోకర్ని అడగడం ఈ రోజుల్లో మోటుతనం. "వర్చువల్ టూర్ పంపించాం కదండీ" అంటారు, మన చదువు మీద అనుమానం వచ్చినట్టు. పంపారు, కాదనను, ఇంటిని తెర మీదే తిప్పి చూపే వీడియో. డ్రోన్ ఆకాశం నుంచి దిగింది. పియానో మోగింది. తలుపు దానంతటదే తెరుచుకుంది, హాలు మొదలైంది. మొదలైన హాలు ఓ పట్టాన అయిపోలేదు. ఈ చివర నుంచి ఆ చివర ఉన్నవాళ్లని ఎలా పిలవాలని మా ఇంట్లో కాసేపు చర్చ కూడా జరిగింది.

తీరా వెళ్లి చూస్తే, సోఫాలో కూర్చుని కాళ్లు చాపితే టీవీకి తగులుతాయి.

తప్పు హాలుది కాదు, లెన్స్‌ది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకు (పాత ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్ ఉన్నదానికి) 50 మిల్లీమీటర్ల లెన్స్ పెడితే అడ్డంగా 40 డిగ్రీల మేర కనిపిస్తుంది. అదే 16 మిల్లీమీటర్లది పెడితే దాదాపు 97 డిగ్రీలు. దగ్గరిది పెద్దదై, దూరానిది ఇంకా దూరం జరిగి, అగ్గిపెట్టె కూడా దర్బారు హాలైపోతుంది.

పడకగది సంగతి వేరే చెప్పాలి. వీడియోలో అందులో డబుల్ కాట్, అటూ ఇటూ బల్లలు, పూలకుండీ. అవన్నీ కంప్యూటర్ వేసిన సామాను. నిజం మంచం కొలతలు పెట్టి చూస్తే తలుపు సగమే తెరుచుకుంటుందని తేలింది. బ్రోకర్ గారు తొణకలేదు. "తలుపు ఎప్పుడూ వేసే ఉంచుకుంటారు కదండీ" అన్నారు. మరి ఇంత గదిని అంతగా ఎక్కడ నిలబడి తీశారు? నేనూ మా బావమరిదీ నాలుగు మూలలూ నిలబడి చూశాం. కుదరలేదు. చివరికి గోడ అల్మరా కింది అర లోకి దూరి, మోకాళ్లు గడ్డానికి ఆనించి, ఫోన్‌లో వైడ్ పెట్టి చూద్దును కదా, అదే గది! అదే వైభవం! "బావా, ఇక్కడి నుంచి పూలకుండీకి కూడా చోటుంది" అని అరిచాను. అంటే ఆ రాజభోగం దక్కాలంటే కాపురం అల్మరాలో పెట్టాలి. అద్దె మాత్రం గది మొత్తానికి కట్టాలి.

కిటికీలోంచి వెలుగు పాలలా పొంగిందే, అది తెరిస్తే పక్క బిల్డింగు గోడ. పియానో ఎందుకు పెట్టారో కింద నీళ్ల మోటారు వేయగానే అర్థమైంది.

నిజానికి ఈ విద్య పుట్టుకే అలాంటిది. 1994లో ఇంగ్లండ్‌లోని డడ్లీ కోటలో సందర్శకులకు కంప్యూటర్ మీద టూర్ చూపించారు. శిథిలమైన కోటను 1550లో ఎలా ఉండేదో అలా తిప్పి చూపారు. వర్చువల్ టూర్లలో అది మొదటి వరసది. లేని గోడల్ని ఉన్నట్టు చూపడమే దాని పని. కాకపోతే వాళ్లు కోట కూలిపోయిందని ముందే చెప్పారు, పైగా అడ్వాన్స్ అడగలేదు.

ఇక ఆ గింబల్, అంటే కెమెరా ఊగకుండా పట్టుకునే పిడి. దాంతో కెమెరా కుదుపు లేకుండా తేలుతుంది. నేల విడిచి సాము అంటే ఇదే. మెట్టు లేదు, గడప లేదు, అన్నిటి మీదా హంసలా సాగిపోతుంది. మా అమ్మ వాకర్‌తో నడుస్తుంది. హంస కాదు. బాత్రూమ్ గుమ్మం దగ్గర నాలుగంగుళాల గట్టుంది. వాకిట్లో మూడు మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. రెండు నిమిషాల వీడియోలో పూలకుండీకి ఎనిమిది సెకన్లు దొరికాయి, ఆ గట్టుకి అర సెకను దొరకలేదా? వచ్చి చూసుకోలేని ముసలివాళ్లు, ఎక్కడో దూరాన ఉండి అమ్మానాన్నల కోసం ఇల్లు వెతికేవాళ్లు, ఈ వీడియోలు నమ్మేదే వాళ్లండీ! నమ్మి డబ్బు పంపేదీ వాళ్లే. గట్టు తగిలి పడితే విరిగే తుంటి ఎముకని ఏ సాఫ్ట్‌వేర్‌తో అతికిస్తారు? సిగ్గు లేదూ?

బ్రోకర్ గారికి ఒకటే చెప్పాను: ఇంకో ఇల్లుంటే చూపించండి, పియానో వద్దు, డ్రోన్ వద్దు, బాత్రూమ్ తలుపుకి టేపు అడ్డంగా పట్టి మామూలు ఫోన్‌తో తీసి పంపండి, వాకర్ పడుతుందో లేదో చూసుకుంటాం.

మర్నాడు వీడియో వచ్చింది. టేపుంది. తలుపుంది. సూర్యాస్తమయం కూడా ఉంది. టేపు మీది అంకెలు మాత్రం, సినిమాటిక్‌గా ఉంటుందని కాబోలు, బ్లర్ చేశారు.