స్టిక్కర్ ఉన్న చోట నీళ్లు గడ్డకట్టవట!

నీరు 32 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గడ్డకడుతుందని, గడ్డకట్టేటప్పుడు సుమారు 9 శాతం ఉబ్బుతుందని చిన్నప్పుడు సామాన్యశాస్త్రంలో చదువుకున్నవాళ్లమందరం ఆ పాఠాన్ని సవరించుకోవలసిన సమయం వచ్చింది. అమెరికాలో ట్రావెల్ ట్రైలర్లు, అంటే కారు వెనుక తగిలించుకుని లాక్కెళ్లే చక్రాల ఇళ్లు, అమ్మేచోట ప్రచారంలో ఉన్న నూతన సిద్ధాంతం ప్రకారం, ట్రైలర్ పక్క గోడకు మంచు పువ్వు బొమ్మ వేసి 'ఫోర్ సీజన్', అంటే చలికాలంతో సహా నాలుగు కాలాలకూ పనికొచ్చేది, అని రాసిన స్టిక్కర్ ఒకటి అంటిస్తే చాలు, లోపలి గొట్టాల్లోని నీటికి ప్రకృతి నియమాల నుంచి శాశ్వత మినహాయింపు లభిస్తుంది. ఈ స్టిక్కర్‌ను కనిపెట్టిన మహానుభావుడెవరో గాని, భౌతికశాస్త్రంలో ఆయనకు ఇంతవరకు ఏ బహుమతీ ఇవ్వకపోవడం ఘోరమైన అన్యాయం.

మన తెలుగువాళ్లు దీన్ని నమ్మడం మరీ విచిత్రం. టెక్సాస్‌లో డాలస్ చుట్టూ ఉన్న ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్ ప్రాంతాల్లో 2021 ఫిబ్రవరిని చూసినవారికి చలి అంటే ఏమిటో ఇంకొకరు చెప్పనక్కరలేదు. ఆ నెల 16న డాలస్ విమానాశ్రయంలో ఉష్ణోగ్రత మైనస్ 2 ఫారెన్‌హీట్‌కు, అంటే మైనస్ 19 సెల్సియస్‌కు పడిపోయింది. కరెంటు పోయి, గోడల మధ్య భద్రంగా ఉన్న గొట్టాలే పగిలి, సీలింగు తడిసి సోఫా మీద ఊడిపడిన ఇళ్లు ఎన్నో. పునాది, ఇటుక, అటక అన్నీ ఉన్న ఇంట్లోనే ఆగని చలి, రెండంగుళాల గోడలతో చక్రాల మీద నిలబడి అడుగు నుంచి కూడా గాలి తగిలే పెట్టెలో ఆగుతుందని నమ్మాలంటే చాలా ఉదారమైన హృదయం కావాలి. డిసెంబరు సెలవులకు గ్రాండ్ కాన్యన్ ప్రయాణం ఖాయమై, ఇండియా నుంచి అత్తమామలు కూడా దిగిన తరువాత, మనవాళ్లకు ఆ హృదయం దానంతట అదే ఏర్పడుతుంది.

ఈ స్టిక్కర్ వెనుక ఉన్న శాస్త్రాన్ని గౌరవంగానే పరిశీలిద్దాం. అమెరికాలో ట్రైలర్ల తయారీకి అగ్నిప్రమాదాల నివారణ సంఘం వారి ఎన్‌ఎఫ్‌పీఏ 1192 అనే ప్రమాణం ఉంది. గ్యాసు ఎలా అమర్చాలి, మంటలు లేస్తే బయటపడే దారి ఎక్కడ ఉండాలి, నీళ్ల గొట్టాలూ మురుగు గొట్టాలూ ఎలా వేయాలి అన్న విషయాలు అందులో ఉంటాయి. బయట ఎంత చలి ఉండగా, ఎన్ని గంటలపాటు కుళాయిలో నీళ్లు వస్తే ఆ ట్రైలర్‌ను 'ఫోర్ సీజన్' అని పిలవవచ్చో మాత్రం ఉండదు. కాబట్టి ప్రతి కంపెనీ తన మనస్సాక్షిని సంప్రదించి స్టిక్కర్ అచ్చు వేయించుకుంటుంది. మరికొంచెం ధైర్యం ఉన్నవారు 'సున్నా ఫారెన్‌హీట్ వరకు పరీక్షించినది' అని కూడా రాయిస్తారు. ఆ పరీక్ష ఎన్ని గంటలు సాగింది, గాలి ఎంత వేగంతో వీచింది, ట్యాంకుల్లో నీళ్లు ఎన్ని ఉన్నాయి, గదిని వెచ్చబెట్టే గ్యాసు ఫర్నేస్ ఎంతసేపు మండింది వంటి అల్పవిషయాలకు స్టిక్కర్ మీద చోటు చాలదు. మంచు పువ్వు బొమ్మే సగం స్థలం ఆక్రమిస్తుంది కదా!

బొమ్మ సంగతి వదిలి ట్రైలర్ కిందికి వంగి చూస్తే, ఎన్నికలప్పుడు ఇక్కడి ఇళ్ల ముందు గడ్డిలో గుచ్చే బోర్డులను దేనితో చేస్తారో అదే రకం ముడతల ప్లాస్టిక్ షీటు అడుగంతా పరచి ఉంటుంది. దాని పైన తళతళలాడే రేకు పొర ఒకటి, ఫర్నేస్ నుంచి వేడిగాలి తెచ్చే చిన్న గొట్టం ఒకటి ఉంటాయి. దీని పేరు 'వేడి చేసిన అడుగు భాగం'. అదే షీటులోంచి ఎర్రది ఒకటి, నీలిది ఒకటి, రెండు ప్లాస్టిక్ గొట్టాలు జానెడు పొడవున బయటికి వేలాడుతుంటాయి. వేడినీళ్ల వరుసను, చన్నీళ్ల వరుసను ఖాళీ చేయడానికి అన్నిటికన్నా దిగువన పెట్టిన దారులవి. దిగువన ఉన్నాయి గనుక ఎప్పుడూ నీళ్లు వాటిలోనే నిలుస్తాయి. బయట ఉన్నాయి గనుక అన్నిటికన్నా ముందు అవే గడ్డకడతాయి. వాటి పక్కనే సింకు, స్నానాల నీళ్లు చేరే గ్రే ట్యాంకు, మరుగుదొడ్డిది చేరే బ్లాక్ ట్యాంకుల వాల్వులు కూడా చాలా ట్రైలర్లలో చలిగాలికి ముఖం చూపిస్తూ కూర్చుంటాయి. పక్క గోడలో పలచటి ప్లాస్టిక్ తలుపు వెనుక బయటి షవర్ ఉంటుంది. జనవరిలో ఆరుబయట స్నానం చేసే వీరుడెవడో తెలియదు గాని, వాడి కోసం వేసిన రెండు వాల్వులు మాత్రం ఏడాది పొడవునా నీళ్లతో నిండి ఉంటాయి.

ఇంకొక చిత్రం ఉంది. అడుగు భాగానికి వేడి అందాలంటే ఫర్నేస్ మండాలి. గంటకు 30,000 బీటీయూల (వేడిని కొలిచే అమెరికా లెక్క) ఫర్నేస్ ఆగకుండా మండితే మూడు గంటలకు ఒక గ్యాలన్ ప్రొపేన్ తాగుతుంది. 30 పౌన్ల సిలిండర్‌లో ఉండేది ఏడు గ్యాలన్లు. ఈ లెక్క వేసుకున్న ఏ బుద్ధిమంతుడైనా గ్యాసు పొదుపు చేద్దామని 1,500 వాట్ల కరెంటు హీటర్ ఒకటి కొని మంచం పక్కన పెట్టుకుంటాడు. గది వెచ్చబడుతుంది, థర్మోస్టాట్ సంతృప్తి చెందుతుంది, ఫర్నేస్ నిద్రపోతుంది. పైన దుప్పటి తన్నేసి పడుకున్న కుటుంబం కింద గొట్టాలు ఒక్కొక్కటే బిగుసుకుంటాయి. గది ఎంత హాయిగా ఉంటే నీళ్లకు అంత ప్రమాదమన్న ఈ ఒక్క ముక్క అమ్మేటప్పుడు చెబితే ఏం పోయింది?

ఇక దక్షిణపు అంచున, ఏడు వేల అడుగుల ఎత్తులో, డిసెంబరు రాత్రి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర గ్రాండ్ కాన్యన్‌లో ట్రైలర్లు నిలుపుకునే ట్రైలర్ విలేజ్‌ను దర్శించుదాం. తెల్లవారుజామున అయిదింటికి ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా పనిచేసి రిటైరైన మామగారు, జీవితంలో ఏనాడూ స్నానం చేయకుండా కాఫీ ముట్టని మనిషి, తువ్వాలు భుజాన వేసుకుని కుళాయి తిప్పుతారు. కుళాయి ఒక నిట్టూర్పు విడిచి ఊరుకుంటుంది.

"ఏం బాబూ, నీళ్లు రావడం లేదా?"

"వస్తాయి మామయ్యగారూ, కొంచెం గడ్డకట్టాయంతే."

"కొంచెం గడ్డకట్టడమేమిటయ్యా? కాలువలో నీళ్లు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. మరి ఆ బొమ్మ అంటించారుగా?"

అల్లుడు సమాధానం చెప్పకుండా బూట్లు తొడుక్కుంటాడు. బయట తెల్లటి నీళ్ల హోస్ చెరుకు గడలా బిగుసుకుపోయి, ఒక కొన ట్రైలర్‌కు, మరొక కొన కుళాయి స్తంభానికి అంటుకుని ఉంటుంది. దాన్ని వంచబోతే విరిగేట్టుంది. అర్ధాంగి హెయిర్ డ్రయర్ ఎక్స్‌టెన్షన్ తీగ మీద బయటికి వస్తుంది. 1,875 వాట్ల ఆ యంత్రం, లోపల హీటర్ 1,500 వాట్లు, ట్యాంకులకు అతికించిన వేడి ప్యాడ్లు, అత్తగారు పాలు కాచుకుందామని అప్పుడే నొక్కిన మైక్రోవేవ్, అన్నీ కలిసి 30 ఆంపియర్ల కనెక్షన్ ఇవ్వగల 3,600 వాట్లను దాటడంతో బ్రేకర్ టప్పున పడుతుంది. చీకట్లో మనవడు ఏడుస్తాడు. డాలస్‌లో వెచ్చగా పడుకున్న స్నేహితుడు ఫోనులో "హీటెడ్ హోస్ కొనుక్కోలేదా?" అని అడుగుతాడు. కొనుక్కుంటే హోస్ గడ్డకట్టదు నిజమే. అది తగిలించిన కుళాయి, అది దూరిన ట్రైలర్ రంధ్రం హోస్ కావు గనుక అవి గడ్డకడతాయి. పక్క ట్రైలర్ పెద్దమనిషి కాఫీ కప్పుతో బయటికి వచ్చి, ఇంట్లో చేసినట్టు రాత్రంతా కుళాయి సన్నధారగా వదలవలసింది అని ఉపదేశిస్తాడు. వదిలితే ఆ నీళ్లు గ్రే ట్యాంకు నింపి తెల్లవారేసరికి స్నానాల తొట్టిలోకి ఎక్కుతాయి. పోనీ వాల్వు తెరిచి పెడితే ఆ సన్నధారే మురుగు గొట్టంలో పొర మీద పొరగా పేరుకుని మంచు స్తంభంగా మారుతుంది. మామగారు ఈ రెండు పథకాలనూ శ్రద్ధగా విని, తన ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంతటి డిజైను ఏ కాంట్రాక్టరూ తన ముందు పెట్టే సాహసం చేయలేదని అభిప్రాయపడతారు.

పదింటికి ఎండ తగిలి నీళ్లు వస్తాయి. అందరూ చప్పట్లు కొడతారు. చప్పట్లు ఆగాక సింకు కింది అరలోంచి మరొక శబ్దం వినిపిస్తుంది. గొట్టం కాస్త సాగగలిగినా, మలుపు దగ్గర దానికి తొడిగిన ప్లాస్టిక్ ముక్క సాగదు. మంచుకూ మూసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీరు దాన్ని రాత్రే చీల్చి ఉంటుంది. ఆ పగులు గడ్డకట్టి ఉన్నంతసేపు మర్యాదగా మౌనం పాటించి, కరిగాకే నోరు విప్పుతుంది. అప్పటికి అర కింద పరచిన చెక్క పొట్టు పలక తడిసి బూరెలా పొంగడం మొదలవుతుంది.

ఈ భాగోతమంతా తప్పించే ఉపాయం రెండు వాక్యాల్లో ఉంది. సాయంత్రమే తాగునీటి ట్యాంకు నింపుకుని, హోస్ ఊడదీసి, నీళ్లు వంపి లోపల పెట్టుకుని, రాత్రికి ట్రైలర్ పంపుతోనే నీళ్లు వాడుకోవాలి. కరెంటు హీటర్ కట్టేసి ఫర్నేస్ మండనిచ్చి, సింకు కింది తలుపులు తెరిచి పెట్టి, బయటి షవర్ ముందే ఖాళీ చేసి, ఆ ఎర్ర నీలి గొట్టాలకు వేడి తీగ చుట్టి, గ్రే, బ్లాక్ వాల్వులు మూసి ఉంచి, ట్యాంకులు నిండబోతున్నప్పుడే ఒక్కసారిగా వదలాలి. ఇంత చెబితే కొనేవాడికి స్టిక్కర్ మీద భక్తి సన్నగిల్లుతుంది కదా, అందుకే చెప్పరు.

ఈ తిప్పలు పడలేని అమెరికన్ అనుభవజ్ఞులు వేరే మార్గం చూపుతారు. వేడినీళ్ల ట్యాంకును ఖాళీ చేసి, ఆ ట్యాంకులోకి ఏదీ పోకుండా మళ్లించే బైపాస్ వాల్వు తిప్పి, గొట్టాలన్నిటిలోకీ రెండు మూడు గ్యాలన్ల గులాబీరంగు యాంటీఫ్రీజ్, అంటే సులభంగా గడ్డకట్టని ద్రవం, పంపుతో ఎక్కించాలి. కార్లలో పోసేది విషం, అది పొరపాటున కూడా దగ్గరికి రానివ్వకూడదు. ఇది ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపింది. డబ్బా మీద మైనస్ 50 ఫారెన్‌హీట్ అని పెద్దక్షరాలతో ఉంటుంది. అది గొట్టం పగలకుండా ఆగే హద్దు మాత్రమే; ద్రవం అంతకు చాలా ముందే ముద్దగా మారుతుంది. ఈ అంకె కూడా స్టిక్కర్ గారి దగ్గరి చుట్టమే అనుకోండి. సరే, గొట్టాలు సురక్షితం. ఇక ట్రైలర్‌లో నీళ్లుండవు. కాగితం పళ్లాల్లో తిని, సీసా నీళ్లతో పళ్లు తోముకుని, మరుగుదొడ్డిలో ఒక మగ్గు యాంటీఫ్రీజ్ కుమ్మరించి, కాగితంతో కార్యం ముగించుకొమ్మని వారి సలహా. చెంబు లేకుండా లోపలికి అడుగు పెట్టని అత్తగారికి ఈ విధానాన్ని వివరించే బాధ్యత ఎవరు తీసుకుంటారో ఆ ఇంటివాళ్లే ముందుగా చీటీలు వేసి నిర్ణయించుకోవడం ఉత్తమం.

ట్రైలర్ కొన్నప్పుడు డ్రాయరులో పడేసిన పుస్తకాన్ని ఇప్పుడు తీయాలి. అందులో సాధారణంగా వారంటీ వర్తించని వాటి జాబితాలో, సన్నటి అక్షరాల మధ్య, గడ్డకట్టడం వల్ల కలిగిన నష్టం కూడా ఉంటుంది. గోడ మీద మూరెడు అక్షరాలతో చలికి భయం లేదన్నవాడే, పుస్తకంలో చలితో తనకు సంబంధం లేదంటాడు. ఈ ట్రైలర్లలో అత్యధిక భాగం తయారయ్యేది ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల; అక్కడ జనవరి సగటు ఉష్ణోగ్రతే గడ్డకట్టే స్థాయికి దిగువన ఉంటుంది. పొద్దున్నే కారు అద్దం మీది మంచు గీకి పనికి వచ్చిన మనిషి చేతే నీళ్లు నిలిచే గొట్టాన్ని బయటికి వేలాడదీయిస్తున్నారంటే, దాన్ని అజ్ఞానం అనడానికి నాకు నోరు రాదు. తెలిసి చేస్తున్నారు. ఆ రెండు గొట్టాలను లోపలికి మళ్లించి చిన్న తలుపు పెట్టడానికయ్యే ఖర్చు కన్నా స్టిక్కర్ చవక గనుక చేస్తున్నారు.

సింకు కింద పలక పొంగితే పొంగనీ, డబ్బు పోతుంది. ఆ బొమ్మను నమ్మి పసిపిల్లలతో, ముసలివాళ్లతో కొండ మీదికి వెళ్లిన మనిషి అర్ధరాత్రి ఫర్నేస్ మొరాయిస్తే, గొట్టాలు కరిగించడానికో, గది వెచ్చబెట్టడానికో వంట పొయ్యి మంటలన్నీ వెలిగించి, చలిగాలి రాకుండా కిటికీలు బిగించి పడుకుంటాడు. అలాంటి మంటల నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. 2021లో టెక్సాస్‌లో చలికి తాళలేక బొగ్గుల కుంపట్లు, జనరేటర్లు ఇళ్లలోకి తెచ్చుకుని నిద్రలోనే చనిపోయినవాళ్లున్నారు. చలికి భయం లేదని వాళ్ల గోడల మీద కనీసం ఎవరూ బొమ్మ అంటించలేదు. ఇక్కడ హెచ్చరిక ఇవ్వవలసినవాడే భయపడనక్కరలేదని రంగుల్లో అచ్చు వేయించి అంటించాడు. సిగ్గుండాలి! ఇది అమ్మకపు చమత్కారం కాదు, మనుషుల ప్రాణాలతో ఆడుకోవడం.

కొనబోయేవారికి ఒక విన్నపం. అడుగు భాగం కింద పడుకుని చూడటానికి పాత తువ్వాలు ఒకటి, టార్చిలైటు ఒకటి వెంట తీసుకువెళ్లండి. మంచు పువ్వును చూపిస్తున్న అమ్మకందారును కూడా పక్కన వంగమనండి. ఆ గొట్టాలు ఎన్ని డిగ్రీల దగ్గర, ఎంత గాలిలో, ఎన్ని గంటలు ఆగుతాయో ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. ఆయన సంతకం పెట్టరు. చిరునవ్వు చెక్కుచెదరకుండా లేచి, ప్యాంటు దులుపుకుని, అలాంటి బెంగలేవీ లేకుండా అదనంగా కొన్ని వేల డాలర్లకు పొడిగించిన సర్వీసు కాంట్రాక్టు ఒకటి ఇస్తామంటారు. అది కూడా చివరి పేజీ నుంచి చదవండి. గడ్డకట్టడం వల్ల కలిగిన నష్టం చాలావరకు అందులోనూ ఉండదు.