ధరల తేడా పదికాలాలు చల్లగా ఉండాలి

నిన్నమొన్నటి వరకు గృహస్థుకు విద్యుత్ మార్కెట్‌తో ఉన్న సంబంధమల్లా నెలకొకసారి బిల్లు చూసి నిట్టూర్చడం, నిట్టూర్చి కట్టడం. ఆ దైన్యం ఇప్పుడు తీరిపోయింది. గోడకు ఒక బ్యాటరీ బిగించుకొని, ధర పడినప్పుడు కరెంటు నింపుకొని, ధర లేచినప్పుడు వాడుకోవడమో అమ్ముకోవడమో చేసే ప్రతి ఇంటి యజమానీ నేడు ఇంధన వ్యాపారి. వ్యాపారి అన్నాక అతనికొక వృత్తిధర్మం ఉండాలి. దాన్ని ఇంతవరకు ఎవరూ సూత్రబద్ధంగా చెప్పకపోవడం విచారకరం కనుక ఆ బాధ్యతను ఈ వ్యాసం నెత్తికెత్తుకుంటోంది.

బ్యాటరీ ఒక్క యూనిట్ కూడా ఉత్పత్తి చేయదు. పైగా తనలోకి వెళ్లినదాంట్లో కొంత దిగమింగుతుంది. కాబట్టి దాని సంపాదన మొత్తం చవక గంటకూ ఖరీదైన గంటకూ మధ్య ఉన్న తేడాలోనే ఉంది. కరెంటు రోజంతా చవగ్గా ఉన్నా బ్యాటరీ యజమానికి గిట్టదు, రోజంతా ఖరీదుగా ఉన్నా గిట్టదు. అందుచేత బ్యాటరీ ఉన్న గృహస్థు పొద్దున లేవగానే లోకక్షేమం కోరే అలవాటు మానుకొని, మధ్యాహ్నం గ్రిడ్‌లో కరెంటు వరదలై పారాలని, పొద్దుగూకేసరికి అదే గ్రిడ్ కటకటలాడిపోవాలని కోరుకోవాలి.

ఇది గొంతెమ్మ కోరికేమీ కాదు. మార్కెట్లు దీన్ని అప్పుడప్పుడూ తీరుస్తూనే ఉన్నాయి. జర్మనీలో మరునాటి కరెంటుకు ముందురోజే ధర తేల్చే మార్కెట్లో 2024లో 457 గంటలపాటు ధర సున్నా కన్నా కిందికి జారింది, అంటే కరెంటు పట్టుకుపోయినవాడికే ఎదురు డబ్బు ఇచ్చారు. ఆస్ట్రేలియా జాతీయ మార్కెట్ నిబంధనల ప్రకారం వెయ్యి యూనిట్ల ధర మైనస్ 1,000 ఆస్ట్రేలియన్ డాలర్ల దాకా దిగవచ్చు, 20,000 డాలర్లు దాటి ఎగబాకవచ్చు. ఇక 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ మంచుతుపానుకు గడ్డకట్టినప్పుడు అక్కడి టోకు ధర వెయ్యి యూనిట్లకు 9,000 డాలర్లనే గరిష్ఠ పరిమితికి అంటుకొని రోజుల తరబడి దిగిరాలేదు. లక్షలాది ఇళ్లు చీకట్లో వణికాయి. ఎద్దు పుండు కాకికి ముద్దన్న మాటను పెద్దలు నిందగా అన్నారు గాని, కాకి వైపు నుంచి చూస్తే అది పరిపూర్ణమైన వ్యాపార ప్రణాళిక. ఆ మరుసటి ఏడాదికి టెక్సాస్ అధికారులు పరిమితిని 5,000 డాలర్లకు తగ్గించారు. చిన్న వ్యాపారుల కడుపు కొట్టడమంటే ఇదే.

అయితే ఈ సంబరంలో ఒక చిన్న చిక్కు ఉంది. టోకు మార్కెట్లో సున్నా కిందికి పడిపోయిన ధర ఇంటి మీటరు దాకా వచ్చేసరికి లైను చార్జీలు, పన్నులు, సరఫరాదారు మార్జిన్ తోడై మళ్లీ పెద్దమనిషి తరహాలో పైకి లేస్తుంది. పైగా చాలా ఇళ్లలో టారిఫ్ రోజు పొడుగునా ఒకటే. అక్కడ మధ్యాహ్నం యూనిట్‌కూ రాత్రి యూనిట్‌కూ భేదమే లేదు. అలాంటి ఇంట్లో సోలార్ ప్యానెళ్లు కూడా లేకుండా బ్యాటరీ పెట్టుకొని మార్కెట్లో వ్యాపారం చేస్తున్నానని చెప్పుకునే వ్యక్తిని మనం గౌరవించాలి. నష్టానికి భయపడని సాహసి అతను.

గిట్టుబాటు లెక్క వేయడం మన ధర్మానికి విరుద్ధమే అయినా, లెక్కలడిగే అల్పులు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు కనుక వారి తృప్తి కోసం ఒక్కసారి వేద్దాం. పది యూనిట్ల బ్యాటరీకి వారంటీ సాధారణంగా పదేళ్లు. పదేళ్ల చివర సామర్థ్యం 70 శాతం దగ్గర మిగులుతుందని కంపెనీలు హామీ ఇస్తాయి. అంటే సగటున ఎనిమిదిన్నర యూనిట్లు. అది రోజూ, ఒక్క రోజు కూడా నాగా లేకుండా, పూర్తిగా నిండి పూర్తిగా ఖాళీ అయితే పదేళ్లలో సుమారు 31,000 యూనిట్లు ఇస్తుంది. బ్యాటరీ, ఇన్వర్టర్, బిగింపు కూలి, అనుమతుల ఖర్చు అన్నీ కలిపి ఆ అంకెతో భాగిస్తే ఒక్కో యూనిట్‌ను కొన్ని గంటలపాటు దాచిపెట్టినందుకు ఎంత పడిందో తేలుతుంది. పది యూనిట్లు లోపలికి పంపితే బయటికొచ్చేవి దాదాపు తొమ్మిది. ఆ మింగుడు కూడా కలుపుకోవాలి. చవక గంటకూ ఖరీదు గంటకూ ఉన్న తేడా ఈ మొత్తాన్ని దాటిన తర్వాతే లాభమనే మాట ఎత్తాలి. చలికాలంలో ఎండ చాలక, ఊరెళ్లినప్పుడు వాడకం లేక, ఏడాదికి 200 రోజులే బ్యాటరీ పూర్తిగా తిరిగితే అదే ఖర్చు రెట్టింపుకు దగ్గరవుతుంది. కరపత్రంలో ‘6,000 సార్లు నింపి ఖాళీ చేయవచ్చు’ అని ఉంటుంది. రోజుకొకసారి చొప్పున అది పదహారేళ్ల పైచిలుకు; వారంటీ మాత్రం పదేళ్లు. ఆ మిగతా ఆరేళ్లు భక్తివిశ్వాసాల కిందికి వస్తాయి.

లిథియం అయాన్ బ్యాటరీకి 2019లో రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. అప్పటికే పడిపోతున్న బ్యాటరీ ప్యాక్ సగటు ధర 2024 నాటికి, ఇంధన పరిశోధన సంస్థ బ్లూమ్‌బర్గ్ ఎన్‌ఈఎఫ్ సర్వే ప్రకారం, యూనిట్ సామర్థ్యానికి 115 డాలర్లకు దిగింది. ఈ వార్త చదివి ఉత్సాహంగా కొటేషన్ అడిగినవాడికి దానికి కొన్ని రెట్లు కనబడుతుంది, ఎందుకంటే ఇంట్లో బిగించేది ఒట్టి ప్యాక్ కాదు. రసాయనశాస్త్రం ఎంత చవకైనా నిచ్చెన ఎక్కే మనిషి చవక కాలేదు, కాకూడదు కూడా.

కొటేషన్ అన్నాను కనుక దానితోపాటు వచ్చే ఎక్సెల్ షీట్‌ను దగ్గరగా చూడాలి; అదొక కళాఖండం. అందులో మూలన ఒక చిన్న గడి ఉంటుంది: ‘కరెంటు ధర వార్షిక పెరుగుదల’. పెట్టుబడి నూరు పాళ్లు, మొదటి ఏడాది ఆదా ఏడు పాళ్లు అనుకుందాం. ఆ గడిలో సున్నా వేస్తే పెట్టుబడి తిరిగి రావడానికి పద్నాలుగేళ్లు దాటుతుంది. ఆరు శాతం వేస్తే పదిన్నరేళ్లు. ఎనిమిది వేయండి: పదేళ్లకు ఒక నెల ముందే, అంటే వారంటీ గడువు తీరడానికి సరిగ్గా ముందు, డబ్బంతా చేతికి వస్తుంది. ఎనిమిదే ఎందుకని అడగడం మర్యాద కాదు. అదే షీట్‌లో బ్యాటరీ ఏటేటా అరిగిపోయే సంగతికి గడి ఉండదు. ఆ నూరు పాళ్లు బ్యాంకులో ఊరికే పడి ఉన్నా తెచ్చే వడ్డీకీ గడి ఉండదు. ఆలు లేదు చూలు లేదు, పదకొండో ఏటి నుంచి వచ్చేదంతా లాభమేనని మాత్రం లావు అక్షరాల్లో ఉంటుంది. ఇందులో మరో సొగసు ఉంది. మధ్యాహ్నం ధరా రాత్రి ధరా యూనిట్‌కు ఒకే మొత్తం చొప్పున పెరిగితే తేడా వెంట్రుకవాసి కూడా పెరగదు. కరెంటు ధర పెరిగితే బ్యాటరీకి లాభమన్న సిద్ధాంతం ఈ చిన్న వాస్తవాన్ని చూడకుండా పక్కనుంచి దాటుకుపోతుంది.

నిజానికి ఇంటి బ్యాటరీలో లిథియం కన్నా ప్రభుత్వ ఉత్తర్వులే ఎక్కువ శాతం ఉంటాయి. కప్పు మీది సోలార్ కరెంటును గ్రిడ్‌కిచ్చి, రాత్రి అంతే కరెంటును అదే ధరకు తిరిగి తీసుకోనిచ్చే నెట్ మీటరింగ్ ఉన్నచోట గ్రిడ్డే ఉచిత బ్యాటరీ. గోడ మీది బ్యాటరీ సంపాదన సున్నా. కాలిఫోర్నియాలో 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా చేరేవారికి ఆ పద్ధతి తీసేసి, గ్రిడ్‌కిచ్చే కరెంటు విలువను సుమారు నాలుగింట మూడొంతులు కోసేశారు. సోలార్ వ్యాపారులు గుండెలు బాదుకున్నారు, బ్యాటరీ వ్యాపారులు కొత్త బట్టలు కుట్టించుకున్నారు. చాలామంది విషయంలో ఇద్దరూ ఒకరే. నెదర్లాండ్స్‌లో నెట్ మీటరింగ్‌కు 2027 జనవరి 1తో తెర పడనుంది. జర్మనీలో చిన్న సోలార్ యజమాని గ్రిడ్‌కిచ్చిన యూనిట్‌కు సుమారు 8 యూరో సెంట్లు వస్తే, తిరిగి కొనేటప్పుడు 30 సెంట్లు దాటుతుంది. ఆ ఇరవై పైచిలుకు సెంట్ల తేడాయే అక్కడి ఇంటి బ్యాటరీకి తిండి పెడుతోంది. గమనించారా, ఇందులో మార్కెట్ లేదు, వ్యాపార చాతుర్యం లేదు, గంట గంటకూ ధర చూడటం అసలే లేదు. సొంత కప్పు మీది ఎండను సొంత ఇంట్లో వాడుకోవడం మాత్రమే ఉంది. ఇంత నిరాడంబరమైన విషయం మీద పత్రికా ప్రకటనలు రాయలేరు కాబట్టి మార్కెట్ పేరు చెప్పాల్సి వస్తోంది.

ఆ తేడా కూడా శాశ్వతం కాదు. 30 సెంట్లలో పెద్ద భాగం లైను చార్జీలూ పన్నులే. బ్యాటరీవాడు గ్రిడ్ నుంచి తక్కువ కొన్నప్పుడు వాటిని తప్పించుకుంటాడు. తీగలూ స్తంభాలూ మాత్రం ఎక్కడికీ పోవు, ఆ ఖర్చు బ్యాటరీ కొనలేనివాడి బిల్లులోకి చేరుతుంది. ఇది మరీ ఎబ్బెట్టుగా కనబడిన రోజున నియంత్రణ సంస్థ యూనిట్ చార్జీ తగ్గించి నెలవారీ స్థిర చార్జీ పెంచుతుంది. ఒక్క కలంపోటుతో బ్యాటరీ లాభం సగమైపోవచ్చు. ఎక్సెల్ షీట్‌లో దీనికి కూడా గడి లేదు.

ఇంతకన్నా పెద్ద ప్రమాదం పక్కింటివాడు. తేడా మీద బతికేవారు ఎక్కువైన కొద్దీ తేడా తగ్గుతుంది: అందరూ మధ్యాహ్నం కొంటే మధ్యాహ్నం ధర లేస్తుంది, అందరూ సాయంత్రం అమ్మితే సాయంత్రం ధర పడుతుంది. మధ్యాహ్నం లోయలా దిగి సాయంత్రం నిట్టనిలువుగా లేచే గ్రిడ్ భారాన్ని కాలిఫోర్నియా నిర్వాహకులు 2013లో బాతు ఆకారపు గీతగా గీసి చూపించి దిగులుపడ్డారు. బ్యాటరీ వ్యాపారికి ఆ బాతు మెడే జీవనాధారం. 2024 ఏప్రిల్ నాటికి అక్కడ బ్యాటరీల సామర్థ్యం 10,000 మెగావాట్లు దాటింది. ఆ నెలలో ఒక సాయంత్రం కాసేపు గ్రిడ్‌కు అన్నిటికన్నా ఎక్కువ కరెంటు ఇచ్చింది బ్యాటరీలే. బాతు మెడను బ్యాటరీలే నిమిరి నిమిరి వంచుతున్నాయి. దక్షిణ ఆస్ట్రేలియాలో 2017లో హార్న్స్‌డేల్ దగ్గర 100 మెగావాట్ల పెద్ద బ్యాటరీ పెట్టినప్పుడు గ్రిడ్ ఫ్రీక్వెన్సీని నిలకడగా ఉంచే సేవలో అది బాగా సంపాదించింది, దానితోపాటే ఆ సేవ ధరను కూడా దించేసింది. ఆస్ట్రేలియా ప్రభుత్వమేమో 2025 జులై 1 నుంచి ఇంటి బ్యాటరీల ధరలో సుమారు 30 శాతం తగ్గింపు ఇస్తుంటే, కొద్ది నెలల్లోనే లక్షకు పైగా ఇళ్లు వాటిని బిగించుకున్నాయి.

కాబట్టి ఇప్పటికే బ్యాటరీ ఉన్నవారికి ఒక విన్నపం. మీ బ్యాటరీ ఫొటో బంధువులకు పంపకండి. ఎంత ఆదా అయిందని అడిగితే ముఖం వేలాడేసుకొని, ‘ఏదో, పెట్టాం గాని’ అని నసగండి. వీలైతే చందాలు వేసుకొని బ్యాటరీ వ్యతిరేక ప్రచారానికి నిధులివ్వండి. వాషింగ్ మెషీన్‌ను మధ్యాహ్నం తిప్పమని, వాటర్ హీటర్‌ను ఎండవేళ ఆన్ చేసి రాత్రికి వేడినీళ్లు దాచుకోమని ఎవరైనా సలహా ఇస్తే వెంటనే ఖండించండి. పైసా పెట్టుబడి లేకుండా అదే తేడాను కాజేసే దుర్మార్గమది. కమీషన్ రాదు కనుక దాన్ని ఎవరూ అమ్మడం లేదు, అదొక్కటే ఊరట. ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలో అరవై యూనిట్లుండి ఆ కారు రోజులో ఎక్కువసేపు కదలకుండా నిలబడే ఉంటుందన్న సంగతి కూడా బయటికి పొక్కనివ్వకూడదు.

వేల ఇళ్ల బ్యాటరీలను కలిపి ఒకే విద్యుత్ కేంద్రంలా నడిపే వర్చువల్ పవర్ ప్లాంట్ల సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం, ఒప్పందం ఎలాగూ ఎవరూ పూర్తిగా చదవరు. సాయంత్రం ఆరింటికి ధర లేవగానే సంస్థ మీ బ్యాటరీ ఖాళీ చేసి అమ్ముతుంది, వచ్చినదాంట్లో మీకొక వాటా ఇస్తుంది. ఎనిమిదింటికి మీ ఇంటికి కరెంటు కావాల్సి వస్తే మీరు కొనుక్కుంటారు. అరిగేది మీ బ్యాటరీ, తెలివి వారిది. వాటా సరిపోతే బేరం బాగానే ఉన్నట్టు. సరిపోయిందో లేదో మాత్రం వాళ్ల యాప్‌లోనే చూసుకోవాలి.

కరెంటు పోయినప్పుడు ఇంట్లో దీపం వెలుగుతుంది కదా, దాని విలువ మాటేమిటని కొందరడుగుతారు. ఆ విలువ నిజమైనదే. తరచూ కరెంటు పోయేచోట, ఇంట్లో ఆక్సిజన్ యంత్రం మీద మనిషి ఉన్నచోట, అది ఏ ధరల తేడా కన్నా పెద్దది. అయితే దాన్ని మార్కెట్ లాభంలో కలపకూడదు. సాయంత్రమే బ్యాటరీ అంతా అమ్ముకున్నవాడికి రాత్రి కరెంటు పోతే మిగిలేది లాభమొక్కటే. పైగా గ్రిడ్‌కు అనుసంధానించిన ఇన్వర్టర్, లైన్ల మీద పనిచేసేవారి భద్రత కోసం, గ్రిడ్ ఆగగానే తానూ ఆగుతుంది. విడిగా బ్యాకప్ ఏర్పాటు చేయించుకోకపోతే గోడ మీద బ్యాటరీ నిండుగా ఉండగానే ఇల్లు చీకటవుతుంది.

ఇంత విన్నాక కూడా ‘ఇంతకీ నాకు గిట్టుతుందా?’ అని అడిగేవాడిని మూడు ప్రశ్నలు వేసి వదిలేయాలి. మీ టారిఫ్‌లో అతి చవక గంటకూ అతి ఖరీదు గంటకూ తేడా ఎంత? మీ సోలార్ మిగులుకు ఇప్పుడు ఎంత ఇస్తున్నారు, ఆ ధర ఎంతకాలం ఉంటుందని కాగితం మీద ఉంది? ఏడాదిలో ఎన్ని రోజులు బ్యాటరీ పూర్తిగా నిండి పూర్తిగా ఖాళీ అవుతుంది? మూడింటికీ అంకెలతో జవాబు చెప్పగలిగినవాడు లెక్క తానే వేసుకుంటాడు, అతనితో వ్యాపారానికి ఉపయోగం లేదు. ‘అవన్నీ యాప్ చూసుకుంటుందట కదండీ’ అన్నవాడికి మాత్రం ఆలస్యం చేయకుండా కొటేషన్ పంపండి, గడిలో ఎనిమిది వేసి.