మూడో చక్రం వచ్చింది, తమరిక దయచేయండి

సైకిల్ బ్యాలెన్స్ గారికి,

నమస్కారాలు. రెండు చక్రాల మీద తమరు ఏళ్ల తరబడి చేసిన సేవను ఎవరూ కాదనరు. చిక్కల్లా, మనిషి సైకిల్ దిగి, ముందొకటీ వెనక రెండూ చక్రాలుండి పెడల్‌తో తొక్కే మూడు చక్రాల బండి ఎక్కినా తమరు కుర్చీ వదలకపోవడమే. రిటైరైన మర్నాడు కూడా ఆఫీసుకొచ్చి ఫైళ్ల మీద సంతకాలు పెట్టే పెద్దమనిషిలా, హ్యాండిల్ పట్టుకోగానే హాజరవుతారు. సైకిల్ ముట్టని వాళ్లు ఈ బండిని చకచకా నేర్చేసుకుంటుంటే, ఏళ్లుగా తొక్కినవాళ్లు మొదటి మలుపులోనే గోడకేసి పోతున్నారు. ఆ ఘనత పూర్తిగా తమరిదే.

తమరి పద్ధతి తెలిసిందే. ఎడమకు తిరగాలంటే ముందు హ్యాండిల్‌ను వెంట్రుకవాసి కుడికి నెట్టి, బండిని ఎడమకు వాల్చి, ఆ వాలులోనే మలుపు కానిచ్చేస్తారు. తొక్కేవాడికి ఈ సంగతి తెలియనైనా తెలియదు. మూడు చక్రాల బండి వాలదు కదా! హ్యాండిల్‌ను కుడికి నెడితే కుడికే పోతుంది. తమరేమో ‘ఇంకా వాలదేం?’ అని మరికాస్త నెడతారు.

రోడ్డు వాలు దగ్గరైతే తమరి ప్రతిభ చూసి తీరాల్సిందే. వాన నీళ్లు పోవడానికి రోడ్డును నడుమ ఎత్తుగా, అంచుల్లో పల్లంగా వేస్తారు. సైకిల్ దాన్ని పట్టించుకోకుండా నిటారుగా పోతుంది. ఈ బండి మాత్రం రోడ్డు ఎటు వాలితే అటే ఒరుగుతుంది. అంచువైపు ఒరిగిందనగానే తమరు ‘పడిపోతున్నాం’ అని గగ్గోలు పెట్టి, ఒరిగిన వైపుకే హ్యాండిల్ తిప్పేస్తారు. సైకిల్‌ను నిలబెట్టే మందు అదే. ఇక్కడ ఆ మందు బండిని తిన్నగా పక్క కాలవలోకి దింపుతుంది. మూడు చక్రాలూ నేల మీదే ఉన్నాయి, పడుతున్నదెవరండీ? విరుగుడు ఏమిటంటే, బండి ఒరిగితే ఒరగనిచ్చి, ఒంటి పైభాగాన్ని రోడ్డు మధ్యవైపు కాస్త వంచి, చూపు దూరంగా పెట్టి, కేవలం చేతులతో తిప్పడం. మోచేతులు బిగిస్తే మళ్లీ తమరి రాజ్యమే.

ఆగేటప్పుడు కాలు దించే అలవాటొకటి. బండి ఇంకా కదులుతుండగా కాలు నేల మీద పెడితే వెనక చక్రం మడమ మీదికెక్కుతుంది. కాళ్లు పెడల్స్ మీదే ఉండాలి. బ్రేకు పట్టి, పూర్తిగా ఆగాక, పార్కింగ్ బ్రేకు వేసి అప్పుడు దిగాలి. వాలులో ఆ బ్రేకు మరిచిపోతే బండి యజమాని కోసం ఆగదు. వెనక వెడల్పు సుమారు 75 సెంటీమీటర్లు ఉంటుంది, తమరి లెక్కలో మాత్రం ఇంకా హ్యాండిల్ పట్టే సందు చాలు. మలుపులో లోపలి వెనక చక్రం ముందు చక్రం కన్నా ఇంకా లోపలికి కోసుకుపోతుంది కనుక గేటు స్తంభానికి తగిలేది అదే.

బండి పక్కకు లాగుతోందంటే అన్నిసార్లూ తప్పు తమరిది కాదు, ఒప్పుకుంటాం. చాలా బండ్లలో చైను తిప్పేది ఒక్క వెనక చక్రాన్నే. అది కుడి చక్రమైతే, గట్టిగా తొక్కినప్పుడు బండి ఎడమకు లాగుతుంది. వెనక టైర్లు రెండింటిలో గాలి సమానంగా లేకపోయినా అంతే.

అందుకని తమరిని తప్పించే కార్యక్రమం ఖాళీగా, చదునుగా ఉన్న చోట మొదలవుతుంది. ముందు బండిని చేత్తో నెట్టుకుంటూ నడవాలి, వెనక చక్రాలు ఎక్కడ తిరుగుతున్నాయో కళ్లకు కనిపిస్తుంది. తర్వాత నడక వేగంతో తిన్నగా, ఆపైన రెండు వైపులా పెద్ద సున్నాలు, ఆ తర్వాత 8 ఆకారం. రోడ్డు వాలు మీదికి ఆఖర్నే. సామాను వెనక బుట్టలో అడుగున పెట్టాలి. పైకి పేరిస్తే మలుపులో బండిని అదే తిరగేస్తుంది.

మలుపులో బయటికి తోసే బలం వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. అందుకే బ్రేకు మలుపుకు ముందే వేయాలి. మలుపు మధ్యలో వేస్తే బరువు ముందుకూ బయటికీ కలిసి పోతుంది, అక్కడ ఆనడానికి చక్రమే లేదు. ఒంటిని లోపలి చక్రం మీదికి వంచాలి. సైకిల్ మీద బండీ ఒళ్లూ కలిసి వాలేవి, ఇక్కడ ఒళ్లొక్కటే వాలాలి.

అయినా సరే, ఎప్పుడో ఓసారి లోపలి చక్రం గాల్లోకి లేస్తుంది. ఆ క్షణాన బండి నిలిచేది రెండు చక్రాల మీదే, పడేది బయటివైపుకు. అప్పుడు తమరి పాత మందే వేయాలి: పడే వైపుకే హ్యాండిల్ కాస్త తిప్పితే మలుపు సడలి చక్రం నేలకు దిగుతుంది. బయటివైపు రోడ్డు ఖాళీగా ఉంటేనే సుమా. ఆ ఒక్క డ్యూటీకి తమరిని తాత్కాలిక ప్రాతిపదికన ఉంచుకుంటున్నాం. చక్రం నేలకు తగిలిన వెంటనే సంతకం పెట్టి వెళ్లిపోవాలి.

ఇట్లు,
మూడు చక్రాల వాళ్లు